టొలీడో నుంచి ఉట్నూరు దాకా.. మన జీపు కథ

థార్ కనిపిస్తే చాలు, ఫోన్ తీసి రీల్ చేసేస్తాం. నల్ల రంగు, ఎత్తు టైర్లు, వెనక ఓ మాస్ బీజీఎం. లైకులు వాటంతటవే పడతాయి. బాగానే ఉంది కానీ, ఆ బండికి ఒక తాత ఉన్నాడు. మంచిర్యాల, జగిత్యాల, ఆసిఫాబాద్ పక్క ఏ ఊరికి పోయినా, ఏదో ఒక వేపచెట్టు కింద ఆ తాత ఇంకా కనిపిస్తాడు. టైర్లలో గాలి ఉండదు. వెనక సీటు మీద కోడి పొదుగుతూ ఉంటుంది. బానెట్ మీద పిల్లలు జారుడుబండ ఆడుతుంటారు. కంపెనీ పెట్టిన పేరు కమాండర్. ఊరు పెట్టుకున్న పేరు ఒక్కటే.. జీపు.

అమెరికాలో పాత పికప్ ట్రక్కులంటే జనానికి పిచ్చి. తాత నడిపిన షెవర్లేనో, నాన్న నడిపిన ఫోర్డ్ ఎఫ్-100నో తుప్పు దులిపి, రంగేసి, ఆదివారం పూట బయటికి తీస్తారు. గడ్డిమోపులు, దాణా బస్తాలు వెనక తొట్టిలో వేసుకుని పొలాల్లో తిరిగిన బండ్లవి. యూట్యూబ్‌లో ఆ వీడియోలు చూసినప్పుడల్లా నాకు మా దిక్కు జీపులే గుర్తొస్తాయి. అదీ అమెరికాలో పుట్టిన బండే. అదీ బరువులు మోసిన బండే. కాకపోతే అక్కడ పికప్ ఒక ఇంటి బండి. ఇక్కడ జీపు ఊరందరి బండి. ముందు సర్కారు బండిగా వచ్చి, తర్వాత జనం బండిగా మారిన ఆ ప్రయాణం గురించే ఈ కథ. ఎందుకంటే ఆ జీపులు ఇప్పుడు ఒక్కొక్కటిగా పాత ఇనుము కింద పోతున్నాయి.

49 రోజుల్లో పుట్టింది

1940. జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన ఏడాది. అదే ఏడాది, ప్రపంచానికి అటు చివర, అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలకూ పవర్ అందాలి, బురదలో ఆగకూడదు, మొదటి నమూనా 49 రోజుల్లో కావాలి.. ఇదీ షరతు. గడువుకు బండి తెచ్చింది ఒక్కటే కంపెనీ. పెన్సిల్వేనియాలోని బాంటమ్. కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజినీరు గీసిన ఆ బండిని సెప్టెంబర్ 23న సైన్యానికి అప్పగించారు.

బాంటమ్ చిన్న కంపెనీ. యుద్ధానికి కావాల్సినన్ని బండ్లు చేసే శక్తి దానికి లేదు. అందుకని పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు పోయాయి. ఒహాయో రాష్ట్రంలోని టొలీడో పట్టణంలో విల్లీస్ ఫ్యాక్టరీ. వాళ్ల 60 హార్స్‌పవర్ ఇంజిన్ పేరు 'గో డెవిల్'. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 'జీప్' అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందనే దాని మీద మాత్రం ఇప్పటికీ గొడవే. జీ, పీ అనే రెండు అక్షరాలు కలిసి అలా అయిందని కొందరు, పొపాయ్ కార్టూన్‌లోని యూజీన్ అనే వింత జంతువు పేరని ఇంకొందరు అంటారు.

యుద్ధం అయ్యాక విల్లీస్ వాళ్లు 1945లోనే మామూలు జనం కోసం జీపు తెచ్చారు. దాన్ని ఎవరికి అమ్మాలనుకున్నారో తెలుసా? రైతులకు. దున్నొచ్చు, కోత మిషన్ తిప్పొచ్చు, సరుకు వేసుకుని సంతకు పోవచ్చు అని ప్రచారం చేశారు. 1947లో ఇదే కుటుంబం నుంచి ఒక పికప్ ట్రక్కు కూడా దింపారు. ముందు జీపు మొహం, వెనక సరుకు తొట్టి. పాత పికప్‌లు సేకరించేవాళ్లు ఇప్పటికీ దాన్ని వెతికి మరీ కొంటారు. అంటే పికప్ ట్రక్కుకూ మన జీపుకూ దగ్గరి చుట్టరికమే ఉందన్నమాట.

1953లో వచ్చిన సీజే-3బీ మోడల్ దగ్గర మన కథ మొదలవుతుంది. కొత్త ఇంజిన్ పాతదానికన్నా ఎత్తు. దాన్ని పట్టించడానికి బానెట్ ఎత్తు పెంచారు. ఆ ఎత్తు నుదురు, రెండు గుండ్రటి లైట్లు, మధ్యలో ఏడు నిలువు సందులు. మన దగ్గర జీపు బొమ్మ గీయమంటే పిల్లలు గీసే మొహం అదే.

బొంబాయి దారిలో

లూధియానాలో 1945లో ఉక్కు వ్యాపారానికి ఒక కంపెనీ మొదలైంది. పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు, మూడో మనిషి మాలిక్ గులాం మొహమ్మద్. దేశ విభజనతో ఆయన పాకిస్తాన్ వెళ్లి, అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. తర్వాత గవర్నర్ జనరల్ కూడా. ఇక్కడ కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది.

1947లో ఈ కంపెనీ అమెరికా నుంచి 75 జీపులకు ఆర్డర్ పెట్టింది. విడిభాగాలుగా వస్తే ఇక్కడ బిగించుకోవాలి. 1949లో బొంబాయి మజ్‌గావ్‌లో బిగించడం మొదలైంది. ఆ తర్వాత లైసెన్సు తీసుకుని, ఒక్కో భాగాన్నీ మెల్లగా ఇక్కడే చేయడం నేర్చుకున్నారు. అమెరికాలో సీజే-3బీ తయారీ 1968లో ఆగిపోయింది. మన దగ్గర అదే మొహం, అదే చట్రం పేర్లు మార్చుకుంటూ దశాబ్దాల పాటు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంది. కన్నతల్లి మరిచిపోయిన పిల్లను పెంచిన తల్లి పెద్ద చేసినట్టు.

అప్పట్లో మన రోడ్ల మీద అమెరికా బండ్లు ఇంకా చాలానే ఉండేవి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ఫార్గో లారీలు చేసేది. 1954లో టాటా-మెర్సిడెస్ లారీలు వచ్చాక వాటి జోరు తగ్గింది. ఎన్టీఆర్ చైతన్యరథం గుర్తుందా? 1982లో పార్టీ పెట్టి ఆయన రాష్ట్రమంతా తిరిగిన ఆ బండి కూడా మార్పులు చేసిన పాత షెవర్లే వ్యానే. స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. ఇక కరీంనగర్ పల్లెల్లో ఎర్ర ట్రాక్టర్‌ను ఇప్పటికీ కొందరు పెద్దలు 'ఇంటర్నేషనల్' అనే పిలుస్తారు. అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో మహీంద్రా 1963లో చేతులు కలిపి తెచ్చిన బీ-275 ట్రాక్టర్ అది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది కూడా 1963లోనే. కాలువ నీళ్లు పొలాలకు వచ్చాక ట్రాక్టర్లకు పని పెరిగింది. ఆ ట్రాక్టర్ ఇంజిన్ నుంచి పుట్టిన డీజిల్ ఇంజిన్‌నే తర్వాత జీపులకూ బిగించారు. పాత జీపు ట్రాక్టర్‌లా చప్పుడు చేస్తుందని నవ్వేవాళ్లు ఉంటారు కదా, ఆ నవ్వులో నిజం ఉంది.

జీపు అంటే భయం

జీపు మన ఊళ్లకు మొదట వచ్చింది సర్కారు బండిగానే. 1952లో సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసులకు జీపులు వచ్చాయి. పంచాయతీ సమితులు వచ్చాక 'సమితి జీపు' అనే మాట పుట్టింది. సమితి ప్రెసిడెంటు జీపులో వస్తే ఊరి పెద్దలు ఎదురు పోయేవాళ్లు. అటవీ శాఖ జీపు వస్తే పోడు కొట్టుకున్నవాళ్లు గొడ్డలి దాచేవాళ్లు. పోలీసు జీపు వస్తే మొగోళ్లు చేన్లకు ఉరికేవాళ్లు.

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న, సోమవారం అంగడి రోజున, ఇంద్రవెల్లిలో ఆదివాసుల మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు ఈ రెండు జిల్లాల్లో జీపు చప్పుడుకు ఒక అర్థం ఉండేది. రాత్రిపూట దూరంగా ఇంజిన్ వినబడితే ఇంట్లో దీపం తగ్గించడం మా పెద్దవాళ్లకు అలవాటు. మరోపక్క రోడ్ల కింద మందుపాతరలు. జీపులో ఉన్న పోలీసుకూ భయమే. జీపును చూసిన రైతుకూ భయమే. 'జీపు ఎవలిది?' అనేది అప్పట్లో మామూలు ప్రశ్న కాదు. జవాబును బట్టి ఊరు నిలబడాలా, దాక్కోవాలా తేల్చుకునేది.

ఆ చప్పుడు అంటే ఉన్న భయాన్ని పోగొట్టింది ఏ ప్రకటనా కాదు. అదే మొహం ఉన్న ఇంకో బండి. దాంట్లో కూచున్నవాళ్లు ఖాకీ బట్టలవాళ్లు కారు. మన మేనత్తలు, మేనమామలు.

'ఇంకొక్కరు కూసోవచ్చు'

1990లు వచ్చేసరికి కమాండర్, మార్షల్, తర్వాత ట్రాక్స్ బండ్లు అద్దెకు తిరగడం జోరందుకుంది. మంచిర్యాల - లక్షెట్టిపేట - జన్నారం - ఉట్నూరు రోడ్డు మీద, ఉట్నూరు నుంచి జైనూరు, సిర్పూరు దారిలో, జగిత్యాల నుంచి ధర్మపురి, రాయపట్నం వంతెన మీదుగా ఇటు.. బస్సు రోజుకు రెండు సార్లే వచ్చే చోట జీపు నిండినప్పుడల్లా కదిలేది. టైం టేబుల్ లేదు. జనం నిండితే అదే టైం.

కాగితాల మీద పది మందికి రాసిన బండిలో ఎంతమంది ఎక్కుతారు? మా దిక్కు దీనికి లెక్క లేదు. ముందు సీట్లో డ్రైవర్ కాకుండా నలుగురు. గేరు రాడ్‌కు అటూ ఇటూ కాళ్లు వేసుకుని ఒకరు. డ్రైవర్ 'సెకండ్' అంటే ఆ మనిషి మోకాలు జరపాలి. డ్రైవర్‌కే సగం సీటు, మిగతా సగం బయట గాలిలో. వెనక ఎదురెదురు బెంచీల మీద పది మంది, మధ్యలో నిలబడి వంగినవాళ్లు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు, టాప్ మీద బస్తాలు, బస్తాల మీద మళ్లీ మనుషులు. క్లీనర్ పోరడు చేత్తో రేకు మీద కొట్టి, 'జరుగుర్రి, జరుగుర్రి.. ఇంకొక్కరు కూసోవచ్చు' అనేవాడు. ఆ ఇంకొక్కరు ఎక్కాక మళ్లీ అదే మాట.

అంగడి రోజు చూడాలి. జొన్న బస్తాలు, పత్తి మూటలు, ఇప్పపువ్వు గంపలు, కాళ్లు కట్టిన కోళ్లు, టాప్ మీద మేకపోతు. ఆశ్రమ పాఠశాల పిల్లలు రేకు పెట్టెలతో. గల్ఫ్ పోయేవాడు కొత్త సూట్‌కేసుతో, సాగనంపేవాళ్లు ఏడుపు మొహాలతో. ఒక్క జీపులో ఊరి బతుకంతా ఎదురెదురుగా కూచునేది. గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు అన్నీ ఒకే ట్రిప్పులో చెవిన పడేవి. డ్రైవర్‌కు అన్నింట్లోనూ కిరాయి అడగడం వచ్చు!

జీపే అంబులెన్సు కూడా. 108 సర్వీసు మొదలైంది 2005 ఆగస్టు 15న. అంతకు ముందు? వానాకాలం జ్వరాలొస్తే మంచానికి కట్టె కట్టి, భుజాల మీద రోడ్డు దాకా మోసుకొచ్చేవాళ్లు. రోడ్డు మీద జీపు కోసం కాచుకునేవాళ్లు. మా చిన్నమ్మకు నొప్పులొచ్చింది కూడా ఇలాంటి వానరాత్రే. జన్నారం పక్క ఊరు. వాగు పొంగుతోంది. కమాండర్ డ్రైవర్‌ను నిద్ర లేపితే, లుంగీ మీదే వచ్చాడు. వాగు దగ్గర బండి ఆపి, దిగి, కట్టెతో నీటి లోతు చూసి, మళ్లీ ఎక్కి, ఫస్ట్ గేరులో మెల్లగా నడిపాడు. నీళ్లు ఫుట్‌బోర్డు మీదికి వచ్చాయి. నేను వెనక సీట్లో అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నా. మంచిర్యాల చేరేసరికి తెల్లారింది. తాత పైసలు తీస్తే, 'ముందుగాల పొల్లనో పిల్లగాడో పుట్టనియ్యి మామా, పైసలు యాడికి పోతయ్' అన్నాడు. పుట్టింది పొల్ల. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. తనకు థార్ కొనాలని ఉంది!

అంతా తియ్యగానే ఉందని చెప్పను. ఓవర్‌లోడు వల్ల జీపులు బోల్తా పడ్డాయి. పెళ్లికి పోతూ, అంగడి నుంచి వస్తూ జనం చనిపోయారు. ఘాట్ రోడ్డు మీద బ్రేకు పట్టని బండిలో ఊపిరి బిగబట్టుకుని కూచున్న రోజులు ఈ దిక్కు చాలామందికి ఉంటాయి. వేలాడుతూ పోవాలని ఎవరికీ సరదా ఉండదు. ఇంకో బండి లేదు కాబట్టి వేలాడారు. జీపును మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవాలి.

ఇంచు పానాలు, ఎమ్మెమ్ పానాలు

జీపు ఇన్నేళ్లు ఎలా బతికింది? జవాబు మెకానిక్ షెడ్డులో దొరుకుతుంది. కింద నిచ్చెనలాంటి ఇనుప చట్రం. దాని మీద బాడీ. చక్రాలకు కమాన్ కట్టలు. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. ఏది పాడైందో చెవితో విని చెప్పొచ్చు. పానా, సుత్తె, వెల్డింగ్ మిషన్ ఉంటే చాలావరకు అయిపోతుంది.

పాత జీపు మేస్త్రీల దగ్గర రెండు రకాల పానాల సెట్లు ఉంటాయి. ఒకటి ఇంచుల్లో, ఇంకోటి మిల్లీమీటర్లలో. కారణం చిత్రంగా ఉంటుంది. చట్రం, యాక్సిల్ అమెరికా వారసత్వం, అందుకే నట్లు ఇంచుల కొలతలో. తర్వాత బిగించిన ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజిన్ ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీది, దాని నట్లు మిల్లీమీటర్లలో. అంటే జీపు కింద పడుకున్న మేస్త్రీకి ఒక చేతిలో అమెరికా, ఇంకో చేతిలో ఫ్రాన్స్. ఆయన చదివింది ఏడో తరగతే అయినా, నట్టు చూడగానే ఏ పానా పడుతుందో చెప్పేస్తాడు.

నాలుగు చక్రాలకూ పవర్ ఉండే ఫోర్ బై ఫోర్ జీపులు ఎక్కువగా సర్కారు శాఖల దగ్గర ఉండేవి. కిరాయికి తిరిగిన కమాండర్లు చాలావరకు వెనక చక్రాలతో నడిచేవే. ఆదిలాబాద్ నల్లరేగడి వానకు తడిస్తే చెప్పుకే వదలదు, టైరుకు వదులుతుందా? అందుకే డ్రైవర్లు తమ ఉపాయాలు తాము కనిపెట్టుకున్నారు. బరువు ఆగడానికి కమాన్ కట్టలో రెండు పట్టీలు ఎక్కువ వేయించేవాళ్లు. బ్యాటరీ వీకైతే బండిని దిగుడులోనే ఆపేవాళ్లు, పొద్దున బ్రేకు వదిలితే అదే స్టార్ట్. పెట్రోల్ జీపు వాగు దాటాలంటే ఫ్యాన్ బెల్టు తీసేసేవాళ్లు, ఫ్యాను నీళ్లు చిమ్మి ప్లగ్గులు తడవకుండా. డీజిల్ ఇంజిన్‌కు ఆ ప్లగ్గుల తంటానే లేదు, అందుకే అది వాగుల ఊళ్లలో నెగ్గింది. ఇంకో సంగతి.. పాత విల్లీస్‌లో పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. దాని మీద కూచునే వాళ్లు బీడీ కూడా తాగేవాళ్లు!

ఆ తర్వాత మన మార్పులు. ఫుట్‌బోర్డు పొడిగింపు, టాప్ మీద క్యారియర్, వెనక నిచ్చెన, బెంచీ కింద సామాను అర. ఇవేవీ టొలీడోలో గీసినవి కావు. మంచిర్యాలలో, జగిత్యాలలో, నిర్మల్‌లో వెల్డింగ్ షాపువాళ్లు చేసినవి.

తిరిగి అమెరికాకు

ఈ కథలో సినిమా ట్విస్టు ఒకటుంది. 2018లో మహీంద్రా కంపెనీ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, రాక్సర్ అనే బండిని తయారు చేయడం మొదలుపెట్టింది. రోడ్డు మీదికి కాదు, పొలాల్లో, అడవుల్లో తిరగడానికి. చూస్తే అచ్చం పాత జీపే. అప్పటికి జీప్ బ్రాండ్ ఫియట్ క్రిస్లర్ చేతిలో ఉంది. 'ఇది మా బండిలా ఉంది' అని వాళ్లు అమెరికా వాణిజ్య కమిషన్‌లో ఫిర్యాదు చేశారు. 2020లో కమిషన్ పాత రూపంలో ఉన్న రాక్సర్‌ను అమ్మొద్దని చెప్పింది. ముందు భాగం మార్చాక, మార్చిన బండికి అడ్డు లేదని అదే ఏడాది చివర్లో తేల్చింది.

చట్టం సంగతి చట్టం చూసుకుంది. నాకు మాత్రం ఇందులో ఒక ముచ్చట నచ్చింది. వాళ్లు 1968లో వదిలేసిన రూపాన్ని అర్ధ శతాబ్దం పాటు బతికించిన దేశం మనది. దాన్ని తిరిగి అమెరికాకు తీసుకుపోతే, పోలిక ఎక్కువైందని కేసు పడింది.

కిలో లెక్కన

ఇప్పుడు మన జీపులు ఎటు పోతున్నాయి? 2000లో బొలెరో వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చి సరుకు మోసే పని తీసుకుంది. ఇప్పుడు కూరగాయల నుంచి డీజే బాక్సుల దాకా మోసేది బొలెరో పికప్. మన తరం 'పికప్' అంటే అదే. ఆటోలు పెరిగాయి, రోడ్లు పడ్డాయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సులో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక జీపు ఎక్కే ఆడవాళ్లు తగ్గిపోయారు. ఇది మంచి మార్పే. ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సిన ఆడబిడ్డ సీట్లో కూచుని పోతోంది.

ఇంకోపక్క చట్టాలు. 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. అంటే సమితి జీపు, అటవీ జీపు కథ కంచికి. 15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ కొనసాగించే ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పాత డీజిల్ పొగ ఊపిరికి మంచిది కాదు, కాబట్టి ఈ నిబంధనలను తప్పు పట్టలేం.

మరి పాతబండ్లను కాపాడే దారి లేదా? ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్ల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండికి నంబర్ ప్లేటులో 'వీఏ' అనే అక్షరాలతో కొత్త రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనకు, ర్యాలీకి తిప్పొచ్చు, రోజువారీ కిరాయికి కాదు. అసలు షరతు ఇంకోటుంది. బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. చట్రం, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు.

ఇక్కడే మన జీపు ఆగిపోతుంది. గడీలోనో, ఫాంహౌస్‌లోనో కవర్ కప్పి దాచిన విల్లీస్‌కు ఈ రూలు సరిపోతుంది. 1995లో కొని, మూడు ఇంజిన్లు మార్చి, ఫుట్‌బోర్డు పొడిగించి, టాప్ మీద మేకను, లోపల ఇరవై మందిని మోసిన కమాండర్‌కు సరిపోదు. దానికి 50 ఏళ్లూ నిండవు, పుట్టినప్పటి రూపమూ లేదు. నా మటుకు నాకు మన జీపు విలువ ఆ మార్పుల్లోనే ఉంది. ఆ అదనపు కమాన్ పట్టీ చూస్తే ఆ రోడ్డు మీద బస్సు ఎందుకు లేదో తెలుస్తుంది. ఆ వెల్డింగ్ నిచ్చెన చూస్తే అంగడి ఎంత దూరమో తెలుస్తుంది. దాన్ని మ్యూజియంలో పెట్టే నిబంధన లేదు, తుక్కు కింద తూచే తరాజు మాత్రం ప్రతి మండల కేంద్రంలో ఉంది.

మీ ఊళ్లో ఉంటే..

* బండి అమ్మే ముందు ఆర్సీ, చాసిస్ ప్లేటు చూడండి. రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉంటే వింటేజ్ కింద అడగొచ్చు. తుక్కు ధరకు ఇచ్చేయకండి.

* పాత నంబర్ ప్లేటు ఉంటే ఫొటో తీయండి. ఏపీ 1 అంటే ఆదిలాబాద్, ఏపీ 15 అంటే కరీంనగర్. 2016లో జిల్లాలు విడిపోక ముందు మీ ఊరు ఏ లెక్కలో ఉండేదో అది చెబుతుంది.

* ముందు సందులు లెక్కపెట్టండి. ఏడు ఉంటే పౌర జీపు వంశం. తొమ్మిది ఉంటే యుద్ధకాలం నాటి సైనిక జీపు కావొచ్చు, అప్పుడు తెలిసిన మేస్త్రీని పిలవండి.

* అన్నిటికన్నా ముఖ్యం.. ఆ జీపు నడిపిన కాకను కూచోబెట్టి ఫోన్‌లో రికార్డు ఆన్ చేయండి. ఏ వాగు దాటాడు, ఏ రాత్రి ఎవరిని దవాఖానకు తీసుకుపోయాడు, ఎవరి పైసలు ఇంకా రావాలో అడగండి. ఆ బాకీల చిట్టాలో సగం ఊరు ఉంటుంది. ఆ వీడియోకు బీజీఎం కూడా అక్కర్లేదు.